సంతకం మనది, పెత్తనం ఎవరిది?

మన గూడేల్లో బడి మాట ఎత్తితే ముందు వచ్చేవి ఫిర్యాదులే. సారు రాలేదు, హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంది, వానకు గది కారుతోంది, పుస్తకాలు ఇంకా అందలేదు. అన్నీ నిజాలే. వీటి మీద అర్జీలు రాశాం, ఐటిడిఎ ఆఫీసు ముందు కూర్చున్నాం, ధర్నాలు చేశాం. కానీ ఈ ఫిర్యాదులన్నిటి వెనకా ఉన్న ప్రశ్నను మాత్రం ఎప్పుడో గానీ అడగం. ఈ బడికి సారుని పంపేది ఎవరు? డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో చెప్పేది ఎవరు? పిల్లలు తక్కువున్నారని రేపు తాళం వేయాలంటే ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తుంది? ఆ కుర్చీల్లో మనవాళ్లు ఉన్నారా?

ఇదే ప్రశ్న మీద ఒక మహానగరం తరాల తరబడి కొట్లాడింది. అది అమెరికాలోని చికాగో. అక్కడి బడుల బోర్డు కథ మన టీచర్లకూ మన కుర్రవాళ్లకూ తెలియాలని మేం ఈ వ్యాసం రాస్తున్నాం. ఆ నగరం గొప్పదని కాదు. పేదవాడి బడి మీద పైవాడు పెత్తనం చేసే తీరు ఎక్కడైనా ఒక్కటే. ఆ పెత్తనాన్ని కదిలించిన వాళ్ల అనుభవం మనకూ పనికొస్తుంది.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. ఆదివాసులం కాబట్టి మన కన్ను ముందు అక్కడికే పోతుంది. చికాగో నగరం లేచిన నేల పొటావాటమీ ఆదివాసులదీ వాళ్ల బంధు తెగలదీ. 1833 సెప్టెంబరులో చేసిన చికాగో ఒప్పందంతో మిచిగాన్ సరస్సుకు పడమట వాళ్లకు మిగిలిన భూమిని కూడా రాయించుకున్నారు. తర్వాత కొన్నేళ్లలోనే వాళ్లను మిసిసిపీ నది అవతలికి తోలేశారు. అట్లా తీసుకున్న భూముల్ని కొలిచేటప్పుడు అమెరికా ప్రభుత్వం ఒక నియమం పెట్టుకుంది. ప్రతి టౌన్‌షిప్‌లో ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు, బడి కోసం విడిచిపెట్టాలి. చికాగోలో ఆ బడి భూమిని అదే 1833 అక్టోబరులో దాదాపు మొత్తం వేలం వేశారు. వచ్చిన డబ్బు సుమారు 38 వేల డాలర్లు. ఆ భూమిలో ఎక్కువ భాగం ఇవాళ నగరం నడిబొడ్డు. ఆదివాసుల దగ్గర లాక్కున్న నేల పిల్లల బడికైనా మిగల్లేదు, కొనుక్కున్న షావుకార్ల పాలైంది. బడి పేరు చెప్పి భూమి తీసుకోవడం, తర్వాత బడినే మర్చిపోవడం మనకు కొత్త కథ కాదు.

ఇక బోర్డు. అమెరికాలో బడుల్ని రాష్ట్ర రాజధానిలోని శాఖ నేరుగా నడపదు. ప్రతి ఊరికీ నగరానికీ ఒక స్కూల్ బోర్డు ఉంటుంది. టీచర్ల నియామకం, జీతాలు, కొత్త బడులు, పాత బడుల మూత అన్నీ దాని చేతిలో ఉంటాయి. చాలా ఊళ్లలో ఆ బోర్డును జనమే ఓటేసి ఎన్నుకుంటారు. చికాగోలో అట్లా కాదు. 1872 నాటి చట్టంతో అక్కడ బోర్డు సభ్యుల్ని మేయరు నియమించడం మొదలైంది. మేయరు మనుషులు, వ్యాపారులు, పలుకుబడి ఉన్నవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. బడికి పిల్లల్ని పంపే తల్లికి ఆ కుర్చీ దరిదాపుల్లో చోటు లేదు.

దానికి ఫలితం ఎట్లా ఉంటుందో టీచర్లే మొదట చూశారు. 1900 ప్రాంతంలో బోర్డు డబ్బు లేదని చెప్పి, ఇస్తామన్న జీతాల పెంపును రద్దు చేసింది. మార్గరెట్ హేలీ, కేథరిన్ గాగిన్ అనే ఇద్దరు టీచర్లు ఆ మాటను నమ్మి ఊరుకోలేదు. పన్నుల దస్త్రాలు తిరగేశారు. గ్యాసు, కరెంటు, ట్రాము కంపెనీలు తమ విలువైన హక్కుల మీద కట్టాల్సిన పన్ను కట్టడం లేదని తేల్చారు. కోర్టుకెళ్లి గెలిచారు. పన్ను డబ్బు వచ్చింది. వచ్చాక బోర్డు దాన్ని వేరే ఖర్చులకు మళ్లించింది. టీచర్లు మళ్లీ కోర్టుకెక్కాల్సి వచ్చింది. మన టీచర్ మిత్రులు గమనించండి. డబ్బు లేకపోవడం ఒక జబ్బు. ఉన్న డబ్బు మీద మనకు మాట లేకపోవడం ఇంకో జబ్బు. మొదటిది నయమైనా రెండోది అట్లాగే ఉండిపోయింది.

1950లు, 60లు వచ్చేసరికి దక్షిణాది రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన నల్లజాతి కుటుంబాలతో చికాగో దక్షిణ, పడమటి పేటలు నిండిపోయాయి. వాళ్ల బడులు కిక్కిరిశాయి. పిల్లలకు పొద్దున సగం మందికి, మధ్యాహ్నం సగం మందికి చదువు. తెల్లవాళ్ల పేటల్లో మాత్రం గదులు ఖాళీగా ఉన్నాయి. నల్ల పిల్లల్ని ఆ ఖాళీ గదుల్లోకి పంపడం ఇష్టం లేని సూపరింటెండెంట్ బెంజమిన్ విల్లిస్, నల్లవాళ్ల బడుల ఆవరణల్లోనే రేకు గదులు దింపించాడు. జనం వాటికి విల్లిస్ బళ్లు అని పేరు పెట్టారు. చదువు చెప్పే బళ్లు కావు, చక్రాల మీద లాక్కొచ్చిన బళ్లు. 1963 అక్టోబరు 22న రెండు లక్షల మందికి పైగా పిల్లలు బడి మానేసి ఇళ్లల్లో, చర్చీల్లో, వీధుల్లో నిలబడ్డారు. అంత పెద్ద బహిష్కరణ జరిగినా విల్లిస్ 1966 దాకా కుర్చీలోనే ఉన్నాడు. ఎందుకంటే అతన్ని నిలబెట్టిన బోర్డు మేయరు రిచర్డ్ డేలీకి జవాబు చెబుతుంది గానీ ఆ పిల్లల తల్లులకు చెప్పదు. రెండు లక్షల మంది పిల్లల కంటే ఒక మేయరు బరువెక్కువ అయ్యాడు.

ఆ గోడకు మొదటి పగులు 1988లో వచ్చింది. అంతకు ముందటి ఏడు బడులు తెరవాల్సిన రోజుల్లో టీచర్ల సమ్మె వారాల తరబడి సాగింది. విసిగిపోయిన తల్లిదండ్రులు పేటపేటకూ సంఘాలు కట్టారు. నగరానికి మొదటి నల్లజాతి మేయరైన హెరాల్డ్ వాషింగ్టన్ వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆయన 1987 నవంబరులో చనిపోయినా జనం ఆగలేదు. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు బస్సుల్లో వెళ్లి శాసనసభ్యుల వెంటపడి చట్టం చేయించుకున్నారు.

ఆ చట్టం ఏం ఇచ్చిందో నెమ్మదిగా చదవండి. ప్రతి బడికీ ఒక మండలి. అందులో ఎన్నికైన తల్లిదండ్రులు ఆరుగురు, పేటవాళ్లు ఇద్దరు, టీచర్లు ఇద్దరు, వాళ్లతో పాటు ప్రిన్సిపాల్. అంటే మండలిలో తల్లిదండ్రులదే మెజారిటీ. ప్రిన్సిపాల్‌ను ఎంచుకునేది ఆ మండలే. నాలుగేళ్ల ఒప్పందం. పని బాగుంటే కొనసాగిస్తారు, లేకపోతే ఇంకొకరిని తెచ్చుకుంటారు. బడి ఖర్చుల లెక్కకూ, బడి బాగుకోసం వేసే ప్రణాళికకూ ఆమోదం తెలిపేది కూడా ఆ మండలే. 1989 అక్టోబరులో 500కు పైగా బడుల్లో మొదటి ఎన్నికలు జరిగాయి. తల్లిదండ్రులైతే చాలు, పౌరసత్వం లేని వలస కుటుంబాల వాళ్లకు కూడా ఈ ఎన్నికల్లో ఓటుంది. హోటల్లో అంట్లు తోమే తల్లి, సాయంత్రం బడిలో కూర్చుని, ప్రిన్సిపాల్ ఉద్యోగానికి వచ్చిన మనిషిని ప్రశ్నలు అడగగలిగే రోజు వచ్చింది.

పైవాళ్లు దాన్ని ఎక్కువ కాలం ఓర్చుకోలేదు. 1995లో రాష్ట్ర చట్టం మారింది. బోర్డు మొత్తం మళ్లీ మేయరు చేతికి వెళ్లింది. అప్పటి మేయరు పాత డేలీ కొడుకు. సూపరింటెండెంట్ అనే పేరు పోయి కంపెనీల్లో లాగా సీఈఓ అనే పేరు వచ్చింది. మొదటి సీఈఓ అంతకు ముందు నగర బడ్జెట్ చూసిన అధికారి. బడి మండళ్లను మాత్రం రద్దు చేయలేదు. చేస్తే జనం ఊరుకోరని తెలుసు. అందుకని వాటి పక్క నుంచి దారి వేసుకున్నారు. 2004లో రినైసాన్స్ 2010 అనే పథకం ప్రకటించి పాత బడులు మూయడం, కొత్తవి తెరవడం మొదలుపెట్టారు. కొత్తవాటిలో చాలా భాగం చార్టర్ బడులు. ఖర్చు ప్రజలది, నడిపేది ప్రైవేటు సంస్థ. వాటికి బడి మండలి ఉండాలన్న నియమం లేదు. ఇక మండలిని ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. మండలి ఉన్న బడిని మూసి, లేని బడిని తెరిస్తే సరిపోతుంది.

చివరికి 2013 మే 22 వచ్చింది. మేయరు రామ్ ఇమాన్యుయేల్ నియమించిన బోర్డు ఒక్క సమావేశంలో 50 బడుల మూతకు ఓటేసింది. చెప్పిన కారణం మనకు బాగా తెలిసిందే. పిల్లలు తక్కువున్నారు, గదులు ఖాళీగా ఉన్నాయి, డబ్బు లేదు. నల్ల పిల్లల బడులు కిక్కిరిసినప్పుడు పక్కపేట ఖాళీ గదులు ఇవ్వని బోర్డు, అవే బడులు పలచబడగానే ఖాళీ గదుల పేరు చెప్పి మూసింది. మూతపడ్డ బడుల పిల్లల్లో పదిమందికి ఎనిమిది మంది కంటే ఎక్కువ నల్లవాళ్లు. నగరం బడుల్లో మొత్తంగా వాళ్లు పదికి నలుగురే. బహిరంగ విచారణల్లో తల్లిదండ్రులు ఏడ్చారు, వేడుకున్నారు, లెక్కలు చూపించారు. ఓటు హక్కు ఉన్నవాళ్లు విన్నారు, ఓటేశారు, వెళ్లిపోయారు. మరుసటి నెలలోనే అదే బోర్డు టెండరు పిలవకుండా 2 కోట్ల 5 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఒక శిక్షణ సంస్థకు ఇచ్చింది. అందులో లంచం ఒప్పందం ఉందని తర్వాత బయటపడింది. సీఈఓ బార్బరా బర్డ్-బెన్నెట్ 2015లో నేరం ఒప్పుకుంది, 2017లో నాలుగున్నరేళ్ల జైలుశిక్ష పడింది. డబ్బు లేదన్నది ఎవరికి?

తర్వాతి పోరాటం ఆకలితో జరిగింది. బ్రాంజ్‌విల్ అనే నల్లవాళ్ల పేటలో డైయెట్ హైస్కూలును ఏటికేడు పిల్లల్ని చేర్చుకోవడం ఆపి ఎండగట్టారు. 2015 ఆగస్టులో 12 మంది పేటవాళ్లు ఆ బడి కోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు. 34 రోజులు సాగింది. 2016లో ఆ బడి మళ్లీ తెరుచుకుంది. అదే 2015లో 37 వార్డుల్లో బోర్డును జనమే ఎన్నుకోవాలా అని ఓటర్లను అడిగితే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది అవునన్నారు. ఆ ఓటుకు చట్టబలం లేదు. అయినా అందరి ముందూ తేలిపోయిన మాటను ఎంతకాలం తోసిపుచ్చగలరు? 2021లో చట్టం వచ్చింది. 2024 నవంబరులో పదిమందిని జనం ఎన్నుకున్నారు. 2025 జనవరిలో 21 మందితో కొత్త బోర్డు కూర్చుంది, మిగతా 11 మంది ఇంకా మేయరు నియమించినవాళ్లే. 2026 ఎన్నికలతో 21 కుర్చీలూ ఓటు మీదే నిండాలని చట్టం చెబుతోంది. మేయరు నియామకం మొదలై జనం ఓటు దాకా రావడానికి నూటయాభై ఏళ్లు దాటింది.

ఓటుతో అంతా బాగైపోయిందని మేం చెప్పం. అట్లా చెబితే మన కుర్రవాళ్లను మోసం చేసినట్టే. 2024 ఎన్నికల్లో టీచర్ల సంఘం ఒకవైపు, చార్టర్ బడుల మద్దతుదారులు మరోవైపు లక్షల డాలర్లు పోశారు. ఆ ఎన్నికలకు ముందే అప్పు తెచ్చే విషయంలోనూ సీఈఓను తీసేసే విషయంలోనూ రేగిన గొడవలో, మేయరు నియమించిన ఏడుగురు బోర్డు సభ్యులూ ఒక్కసారే రాజీనామా ప్రకటించారు. ఆ మేయరు ఒకప్పటి టీచరు, ఎన్నికైన బోర్డు కావాలని కొట్లాడినవాడు. మనవాడు కుర్చీ ఎక్కినంత మాత్రాన కుర్చీ మనదైపోదు. ఇక బడి మండళ్లు చూస్తే, చాలా చోట్ల పోటీకి నిలబడేవాళ్లే దొరకడం లేదు. హక్కును వాడకపోతే తుప్పు పడుతుంది. అయినా ఒక తేడా మిగిలింది. మండలి నిద్రపోయినా దాని అధికారం చట్టంలో బతికే ఉంది, లేచిన రోజున వాడుకోవచ్చు.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. లెక్క చూస్తే చికాగో మండలి కంటే మనదే ఘనం. పని చూడండి. బడి నడక గమనించాలి, అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి సిఫారసు చేయాలి, నిధుల వాడకం చూడాలి. గమనించాలి, సిఫారసు చేయాలి, చూడాలి. నియమించాలి అని లేదు. మూతను ఆపాలి అని లేదు. అందుకే మన ఊళ్లల్లో కమిటీ అంటే సంతకం, వేలిముద్ర అయిపోయింది. కాగితం ఎక్కడో తయారవుతుంది, చైర్మన్ చేను దగ్గరికి వస్తుంది, చేతి మన్ను తుడుచుకుని ఆయన సంతకం పెడతాడు. తప్పు జరిగితే అదే సంతకం చూపించి కమిటీ ఆమోదించింది అంటారు. సంతకం మనది, పెత్తనం వాళ్లది.

టీచర్ల నియామకం చూద్దాం. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. ఆ జీవోతో మన భాష వచ్చిన, మన పిల్లల ఇంటిపేర్లు తెలిసిన వేలాది మంది యువకులు, యువతులు టీచర్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషను చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి, తర్వాతివాళ్ల దారి మూసుకుంది. ఇక ఏకలవ్య బడుల నియామకాలు 2023లో ఢిల్లీ చేతిలోకి పోయాయి. దేశమంతటికీ ఒకే పరీక్ష, ఎక్కడికైనా పోస్టింగు. కోయ, గోండి, కువి, సవర మాట అటుంచి, తెలుగు కూడా రాని సార్లు మన పిల్లల ముందు నిలబడ్డారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు పొట్టకూటికి వచ్చినవాళ్లు. ఆరో తరగతి పిల్ల భాష ఏమిటో అడగకుండానే సారుని పంపగలిగిన కుర్చీ మీదే మా కోపం.

జీవో 3 కోసం కొట్లాడుతున్నాం, కొట్లాడాలి కూడా. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. పైనుంచి జీవోగా వచ్చింది పైనుంచే పోయింది. నియమించే అధికారంలో మన గ్రామసభకు వాటా ఉండి ఉంటే, ఒక్క తీర్పుతో మన చేతులు ఇంత ఖాళీ అయ్యేవి కావు.

ఆ వాటాకు చట్టం లేదా? ఉంది. 1996 పీసా చట్టం నాలుగో సెక్షను, ఎం క్లాజు తీసి చదవండి. సామాజిక రంగాలన్నిటిలో సంస్థల మీద, వాటిలో పనిచేసే ఉద్యోగుల మీద అదుపు చేసే అధికారం తగిన స్థాయి పంచాయతీలకూ గ్రామసభకూ ఉండేలా చూడాలని పార్లమెంటే రాసింది. బడి సామాజిక రంగం కాకపోతే ఇంకేది? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పీసా నియమాలు కూడా వచ్చాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పార్లమెంటు ఇచ్చిన వరం మండలాఫీసు మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఇసుక, గనుల విషయంలో పీసా పేరు అప్పుడప్పుడూ వింటున్నాం. బడి విషయంలో మనమే ఆ పేరు ఎత్తడం లేదు.

చదువు రాని తల్లిదండ్రులకు హెడ్మాస్టరును ఎంచుకోవడం ఏం తెలుసు అని అడిగేవాళ్లున్నారు. మనలో చదువుకున్నవాళ్లే ముందు అడుగుతారు. చికాగోలో కూడా అదే అడిగారు. మేం తిరిగి అడుగుతున్నాం. సారు వారానికి ఎన్ని రోజులు వచ్చాడో తెలియడానికి డిగ్రీ కావాలా? పిల్ల జ్వరంతో పడుంటే వార్డెను ఇంటికి కబురు చేశాడా లేదా అన్నది తల్లికి తెలియదా? రాయి సెంటర్లో కూర్చుని ఊరి తగాదాలకు తీర్పు చెప్పగలిగిన పెద్దలు, తమ మనవల బడికి మనిషిని ఎంచుకోలేరా? చదువుకున్నవాళ్లే నిండిన చికాగో బోర్డు లంచగొండి కాంట్రాక్టుకు చెయ్యెత్తిన సంగతి పైన చూశాం. చదువు ఉంటే న్యాయం ఉంటుందన్న హామీ లేదు. ఎవరికి జవాబు చెప్పాలో అక్కడే న్యాయం పుడుతుంది.

కాబట్టి మన డిమాండు మార్చుకోవాలని మేం అంటున్నాం. కమిటీలో చోటు ఇవ్వండి అని అడగడం చాలు. అధికారాన్నే అడుగుదాం. ఏజెన్సీలో ఏ బడిని మూయాలన్నా, మరో బడిలో కలపాలన్నా గ్రామసభ తీర్మానం తప్పనిసరి కావాలి. హెడ్మాస్టరు, వార్డెను పని తీరు మీద కమిటీ ఏటా రాసే నివేదికకు విలువ ఉండాలి, వాళ్ల కొనసాగింపు దాని మీద ఆధారపడాలి. మొదటి తరగతుల టీచరుకు ఆ ఊరి భాష వచ్చో లేదో తేల్చేది ఆ ఊరే కావాలి. బడికి వచ్చిన ప్రతి రూపాయి లెక్కా గ్రామసభలో, జనానికి అర్థమయ్యే భాషలో, పైకి చదివి వినిపించాలి.

ఇందులో కొంత పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టీచర్ మిత్రులారా, కమిటీ సమావేశాన్ని రిజిస్టరులో కాకుండా నిజంగా జరపండి. తీర్మానాన్ని కోయలోనో గోండిలోనో చదివి వినిపించాకే సంతకం అడగండి. సంతకం పెట్టనన్న తల్లిని చూసి చిరాకు పడకండి, మీ బడికి దొరికిన మొదటి సభ్యురాలు ఆమే. హేలీ, గాగిన్ కూడా టీచర్లే. కుర్రవాళ్లారా, సమాచార హక్కు దరఖాస్తు రాయడం మీకు వచ్చు. మీ ఊరి బడికి మూడేళ్లలో ఎంత వచ్చిందో, దేనికి పోయిందో అడగండి. వచ్చిన కాగితం వాట్సాప్‌లో తిప్పి ఊరుకోకుండా గ్రామసభలో పెట్టండి. వచ్చే గ్రామసభ ఎజెండాలో బడి అనే మాట రాయించండి. రాయనంటే ఎందుకు రాయరో రాసిమ్మని అడగండి.

చికాగో తల్లులకు 1963లో బహిష్కరణ చేతనైంది, 1988లో చట్టం చేయించుకోవడం చేతనైంది, 2015లో ఆకలి చేతనైంది. వాళ్లకు లేని చట్టం మనకు 1996 నుంచి ఉంది. దాన్ని బీరువాలోంచి తీసి, ఊరి మధ్య చెట్టు కిందికి తెచ్చే పని మనదే.